మందు ఇచ్చామా అని కాదు, చేరిందా అని అడగాలి



క్రిందటి నెల మన ఆసుపత్రి డే కేర్ గదిలో ఒక సహోదరి నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషను అయింది, కీమో అయింది. ఇప్పుడు మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ మందు ఎక్కించుకోవడానికి వస్తున్నారు. "సిస్టర్‌గారూ, నానో మందు వస్తోందట కదా! ఒక్క మాత్ర వేసుకుంటే యాంటీబాడీ నేరుగా గడ్డ దగ్గరికే పోతుందట. మా అల్లుడు ఫోనులో చూపించాడు. అది వచ్చేదాకా ఈ సూదులు ఆపుకోవచ్చా అండీ?" అన్నారు.

"ఆపకండమ్మా" అని వెంటనే చెప్పాను. అయితే ఎందుకు ఆపకూడదో చెప్పడానికి ఆ గదిలో నిలబడి మాట్లాడే అయిదు నిమిషాలు సరిపోలేదు. ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు కూడా. అందుకే ఈ నెల మన పత్రికలో దీని గురించే వ్రాస్తున్నాను. నేను డాక్టరును కాను, శాస్త్రవేత్తను అంతకన్నా కాను. కానీ మందు సీసాకూ రోగి నరానికీ మధ్య నిలబడి ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని. ఆ స్థానం నుంచి చూస్తే కనబడేదే చెబుతాను.

యాంటీబాడీ మందులు మనకు కొత్త కాదు

యాంటీబాడీ అంటే మన శరీరం శత్రువును గుర్తుపట్టి పట్టుకోవడానికి తయారుచేసుకునే ఒక ప్రొటీను. దీన్ని మందుగా వాడవచ్చని 1890లోనే బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. గొంతు వాపు జబ్బు డిఫ్తీరియాకు అలా వచ్చిన మందే మొదటి యాంటీబాడీ మందు. ఆ పనికి 1901లో బేరింగ్‌కు వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చింది.

మన వార్డుల్లో పాము కాటుకు ఎక్కించే మందు కూడా గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలే. తల్లిది నెగటివ్ గ్రూపు రక్తమై, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు కాన్పు తర్వాత మూడు రోజులలోపు తల్లికి ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షనూ యాంటీబాడీయే. మీలో చాలామంది తల్లులు దాన్ని తీసుకున్నవారే.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో వారికీ నోబెల్ వచ్చింది. ఆ దారిలో వచ్చినదే ట్రాస్టుజుమాబ్. అమెరికాలో 1998లో దీనికి అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో సుమారు 15 నుంచి 20 మందికి గడ్డలోని కణాల మీద హెర్-2 అనే ప్రొటీను మోతాదుకు మించి ఉంటుంది. కణాన్ని "పెరుగు, పెరుగు" అని తొందరపెట్టేది అదే. ట్రాస్టుజుమాబ్ వెళ్లి దాని మీద కూర్చుని ఆ తొందరను ఆపుతుంది. మన శరీరంలోని రక్షక కణాలకు ఆ శత్రువు ఎక్కడున్నాడో చూపిస్తుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మరి ఇబ్బంది ఎక్కడ?

మందు మంచిదే. దాన్ని చేర్చవలసిన చోటికి చేర్చడమే కష్టం.

మొదటిది, ఇది ప్రొటీను. నోటితో మింగితే మనం తిన్న పప్పు, గుడ్డు ఎలా అరిగిపోతాయో ఇదీ అలాగే అరిగిపోతుంది. అందుకే నరంలోకి ఎక్కించాలి. రెండవది, ఇది సుకుమారమైనది. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు. సీసాను గట్టిగా కుదపకూడదు. కొత్తగా చేరిన మా నర్సులకు నేను మొదట నేర్పేది ఇదే. మందు పొడిలో నీళ్లు పోశాక ఊపకుండా, చేతిలో నెమ్మదిగా తిప్పుతూ కరిగించమంటాను. ఊపితే నురుగు వస్తుంది, ప్రొటీను పాడవుతుంది.

మూడవది, ఇది చాలా పెద్దది. ఒక ఆస్పిరిన్ అణువు కంటే 800 రెట్లకు పైగా బరువు ఉంటుంది. అందువల్ల గడ్డ లోపలి భాగాలకు సరిగా చొరబడలేదు. కణం పైన కూర్చోగలదు గాని, మామూలుగా కణం లోపలి పనిని అందుకోలేదు. మెదడుకైతే దేవుడు పెట్టిన గట్టి కాపలా ఉంది. రక్తంలో ఉన్న యాంటీబాడీలో సుమారు వెయ్యో వంతు మాత్రమే ఆ కాపలా దాటి మెదడులోకి వెళుతుంది. హెర్-2 రకం క్యాన్సర్ ముదిరినవారిలో చాలామందికి అది మెదడుకు పాకుతుంది. కాలేయంలో మచ్చలు తగ్గి, అందరం సంతోషించి, ఆ తర్వాత తలనొప్పి, వాంతులతో తిరిగివచ్చిన తల్లులను నేను చూశాను. మందు ఉంది, కానీ అక్కడికి చేరలేదు.

నానో రేణువు అంటే ఏమిటి?

ఈ చేరవేత కోసమే శాస్త్రవేత్తలు నానో రేణువుల మీద పనిచేస్తున్నారు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. మందు మోసే రేణువు సుమారు 100 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో 800వ వంతు. యాంటీబాడీని ఇటువంటి రేణువు లోపల పెట్టడమో, దాని పైన అతికించడమో చేస్తారు. లోపల పెడితే దారిలో అరిగిపోకుండా కాపాడవచ్చు, కొద్దికొద్దిగా విడుదల చేయవచ్చు, కణం లోపలికి కూడా పంపవచ్చు అని వారి ఆశ.

బంగారం, ఇనుము వంటి లోహాలతో చేసే రేణువులు వేరు. ఇక్కడ చెబుతున్నవి శరీరం కరిగించుకోగల సేంద్రియ పదార్థాలతో చేసినవి. పేరు వింటే భయం వేస్తుంది గాని, ఆ పదార్థాలు మనకు పరిచయమే. లైపోసోమ్ అంటే కొవ్వు పొరతో చేసిన చిన్న బుడగ. అల్బుమిన్ మన రక్తంలోనే ఉండే ప్రొటీను. కైటోసాన్‌ను రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. మన కోస్తాలో ఆ పెంకులకు కొదవలేదు. పి.ఎల్.జి.ఎ. అనేది ఆపరేషను తర్వాత విప్పనవసరం లేకుండా కరిగిపోయే కుట్టుదారం జాతికి చెందినది. మీ పొట్ట మీది కుట్టు తనంతట తాను కరిగిపోయి ఉంటే, ఆ జాతి పదార్థాన్ని మీ శరీరం ఇదివరకే చూసింది.

మామూలు మందులను ఇలా మోయించడం ఇప్పటికే జరుగుతోంది. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు కొవ్వు బుడగల్లో పెట్టి ఇవ్వడానికి 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. అల్బుమిన్ రేణువులతో కలిపిన పాక్లిటాక్సెల్‌కు 2005లో వచ్చింది. అమెరికాలో ఉన్న మీ పిల్లలు వేయించుకున్న ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాలు కూడా కొవ్వు రేణువుల్లో వచ్చినవే. ఇక్కడ మనలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాక్సిన్ మాత్రం ఆ రకం కావు.

ఇక యాంటీబాడీని మోయించే సంగతి. ఇందులో ఎక్కువ పని ఇంకా ప్రయోగశాలల్లో, జంతువుల మీద జరుగుతోంది. మనుషుల దాకా వచ్చిన ఒక ప్రయత్నం చెబుతాను. 2006లో మన జిల్లాల్లో చికున్‌గున్యా వచ్చి ఊళ్లకు ఊళ్లు కీళ్లు పట్టుకుని మూలిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీని తయారుచేయడానికి కావలసిన సూచనలను మోడెర్నా కంపెనీ కొవ్వు రేణువుల్లో పెట్టి, 2019లో కొద్దిమంది ఆరోగ్యవంతులైన వాలంటీర్ల నరంలోకి ఎక్కించింది. వారి శరీరమే ఆ యాంటీబాడీని తయారుచేసింది, రక్తపరీక్షలో అది కనిపించింది. నిజంగా ఆశ్చర్యకరమైన పని. అయినా అది మందుల షాపులో దొరికే మందుగా ఇంకా రాలేదు.

కష్టాలు కూడా చిన్నవి కావు. రేణువును తయారుచేసేటప్పుడు వాడే ద్రావకాలు, గిరగిర తిప్పడాలు ఆ సుకుమారమైన యాంటీబాడీని పాడుచేయగలవు. రక్తంలోకి వెళ్లిన రేణువుల్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టుకుంటాయి. టొరంటో విశ్వవిద్యాలయం వారు అంతకుముందు పదేళ్లలో జరిగిన జంతు ప్రయోగాలను పరిశీలించి 2016లో ఒక లెక్క చెప్పారు. ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డకు చేరినవి, ఆ ప్రయోగాల మధ్యస్థ లెక్క ప్రకారం, 0.7 శాతం. నూటికి ఒక్కటి కూడా కాదు. "నేరుగా గడ్డ దగ్గరికే పోతుంది" అని ఫోనులో చెప్పేవారు ఈ లెక్క చెప్పరు.

నా అభిప్రాయం

ఈ పరిశోధన అనవసరమని నేను అనను. ఆ తలనొప్పితో వచ్చిన తల్లులను చూసిన ఏ నర్సూ అలా అనలేదు. ఈ పని చేసేవారి కోసం మనం ప్రార్థించాలి కూడా. మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాయువు గల మనిషి సంగతి మీకు తెలుసు. స్వస్థత ఇంటి లోపలే ఉంది. కానీ గుమ్మం దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. నలుగురు మనుషులు పైకప్పు విప్పి అతన్ని దించారు. స్వస్థపరచినవారు వారు కాదు, చేర్చినవారు మాత్రమే. అయినా వారు లేకపోతే ఆ దినం అతను ఆ గుమ్మం బయటే ఉండిపోయేవాడు. నానో రేణువు చేయవలసినదీ ఆ నలుగురి పనే.

అయితే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. చేర్చడం అనే పనికి రెండు సగాలు ఉన్నాయి. నరం నుంచి గడ్డ దాకా ఒక సగం. తయారైన చోటు నుంచి మన ఊరి మనిషి నరం దాకా ఇంకొక సగం. శాస్త్రవేత్తలు మొదటి సగం గురించే ఎక్కువ మాట్లాడతారు. రెండవ సగం మా నర్సులకు, మీకు తెలుసు.

2021 వేసవి గుర్తు తెచ్చుకోండి. కోవిడ్ తగ్గిందనుకున్నవారికి బ్లాక్ ఫంగస్ వచ్చింది. దానికి ఆంఫోటెరిసిన్ అనే మందు ఇవ్వాలి. మామూలు ఆంఫోటెరిసిన్ ఎక్కిస్తుంటే రోగి చలితో వణికిపోతాడు, జ్వరం వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అదే మందును కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తే ఆ బాధలు చాలా తగ్గుతాయి. అంటే నానో రేణువు తన సగం పని చక్కగా చేసింది. కానీ ఆ మే నెలలో ఆ సీసాల కోసం కుటుంబాలు ఊరూరా తిరిగాయి. ఎక్కువ ధర పెట్టి కొన్నారు, కొన్నిసార్లు ఆ ధరకూ దొరకలేదు. మూత్రపిండాలను కాపాడే మందు లోకంలో ఉందని తెలిసీ మామూలు మందు ఎక్కించి, వణుకుతున్న మనిషి మీద దుప్పటి కప్పుతూ కూర్చోవడం ఎలా ఉంటుందో మా నర్సులకు తెలుసు.

"మొదట ఖరీదుగానే ఉంటుంది, తర్వాత తగ్గుతుంది" అని మన డాక్టరుగారు ఒకరు నాతో వాదించారు. అందులో నిజం ఉంది. రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీని 2007లోనే హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ మన దేశంలో తయారుచేసి తెచ్చింది. ట్రాస్టుజుమాబ్‌ను కూడా మన దేశపు కంపెనీ తయారుచేసింది. కానీ అది మార్కెట్లోకి వచ్చింది 2014లో. అమెరికాలో అనుమతి వచ్చిన 16 సంవత్సరాలకు. "తర్వాత తగ్గుతుంది" అన్న మాటలో ఆ 16 సంవత్సరాలు ఉన్నాయి. ఆ మధ్య కాలంలో వచ్చిన తల్లుల పేర్లు మా పాత రిజిస్టర్లలో ఉన్నాయి.

అందుకే పరిశోధన చేసేవారిని, దానికి డబ్బు ఇచ్చేవారిని నేను కోరేది ఒకటే. గడ్డకు ఎంత చేరింది అని కొలిచేటప్పుడే, ఊరికి ఎలా చేరుతుంది అని కూడా మొదటి రోజు నుంచే అడగండి. కరెంటు పోయే చోట ఫ్రిజ్ లేకుండా నిలవగల రేణువు కావాలి. పద్దెనిమిది సార్లకు బదులు అయిదారు సార్లు వస్తే సరిపోయే రేణువు కావాలి. మా దగ్గరికి వచ్చే తల్లికి ప్రతి డోసుకూ బస్సు చార్జీ, తన కూలి, తోడు వచ్చేవారి కూలి పోతాయి. ఆ ఖర్చు ఏ ప్రయోగశాల లెక్కలోనూ కనబడదు. దీనికి నానో ఒక్కటే దారి అని కూడా అనుకోనక్కరలేదు. ట్రాస్టుజుమాబ్‌ను తొడ చర్మం కింద అయిదు నిమిషాలలోపే ఇచ్చే ఇంజెక్షనుకు ఐరోపాలో 2013లో అనుమతి వచ్చింది. గంటన్నర, అరగంట డ్రిప్పు కింద పడుకునే బాధ అలా తగ్గింది. గొప్ప పేరు లేని చిన్న మార్పు కూడా రోగికి మేలు చేస్తుంది.

ఈ రోజు డోసు మానకండి

ఇప్పుడు మీతో ఒక మాట. రెండేళ్ల క్రితం ఒక సహోదరి ఏడు డోసుల తర్వాత రావడం మానేశారు. ఎవరో "నానో చుక్కలు" అని ఒక సీసా అమ్మారు. రోజుకు పది చుక్కలు నీళ్లలో వేసుకుంటే సూదులు అక్కరలేదన్నారు. నాలుగు నెలల తర్వాత ఆమె మెడ పక్కన గడ్డతో తిరిగివచ్చారు. ఆ సీసా నాకు చూపించారు. మందు పేరు లేదు, తయారీ లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనవద్దని మా పిల్లలకు చెప్పాను. సూదికి భయపడి, బస్సు చార్జీకి భయపడి ఆమె ఆ చుక్కలు నమ్మారు. ఆమె మానేసిన మొదటి నెలలోనే ఇంటికి ఒక మనిషిని పంపకపోవడం మా తప్పు. ఇప్పుడు ఎవరైనా డోసు రోజున రాకపోతే వారం లోపల మేము కబురు చేస్తున్నాము. సంఘ పెద్దలు ఇందులో మాకు సహాయం చేయాలని కోరుతున్నాను.

దయచేసి ఈ విషయాలు గుర్తుంచుకోండి.

ట్రాస్టుజుమాబ్ కోర్సు సాధారణంగా ఒక సంవత్సరం, 17 లేక 18 డోసులు. డోసు ఒక వారానికి మించి ఆలస్యమైతే తరచుగా మళ్లీ మొదటి పెద్ద మోతాదుతో ప్రారంభించవలసి వస్తుంది. మీకు ఇబ్బంది ఉంటే మానకండి, ముందుగా మాకు చెప్పండి. గుండెకు చేసే ఎకో పరీక్ష కూడా వాయిదా వేయకండి. ఈ మందు కొందరిలో గుండె బలాన్ని తగ్గిస్తుంది, ముందే కనిపెడితే సరిచేయవచ్చు.

"నానో" అని వ్రాసి ఉన్న ప్రతిదీ మందు కాదు. సీసా మీద మందు పేరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయేమో చూడండి. లేకపోతే నోట్లో వేసుకోకుండా మా దగ్గరికి తీసుకురండి.

ఎవరైనా మిమ్మల్ని కొత్త మందు ప్రయోగంలో చేరమంటే భయపడనక్కరలేదు, తొందరపడనూ అక్కరలేదు. మన దేశంలో అటువంటి ప్రయోగాలను ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రాకపోతే సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ప్రయోగంలో ఉన్న మందుకు మిమ్మల్ని డబ్బు అడగకూడదు. ఎప్పుడైనా బయటికి రావచ్చు, దానివల్ల మీ మామూలు వైద్యం ఆగకూడదు. డబ్బు అడిగారంటే అది ప్రయోగం కాదు, వ్యాపారం.

ప్రశ్న అడిగిన ఆ సహోదరి ఆ రోజు డోసు తీసుకునే వెళ్లారు. తర్వాతి సారి అల్లుణ్ణి కూడా వెంటబెట్టుకు వచ్చారు. ఆ అబ్బాయి ఫోనులోని వార్త నేనూ చదివాను. అందులో వ్రాసినది అబద్ధం కాదు, ఎలుకల మీద జరిగిన ప్రయోగం. "ఎలుకల మీద" అన్న మాట చివరి పేరాలో ఉంది. అతను అంతదాకా చదవలేదు. మీ ఫోనుకు ఇటువంటి వార్త వస్తే సిగ్గుపడకుండా తీసుకురండి, కూర్చుని చివరిదాకా కలిసి చదువుదాం. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండు గంటల తర్వాత నేను డే కేర్ గదిలోనే ఉంటాను.

ప్రభువు మీ కుటుంబాలకు ఆరోగ్యము దయచేయును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్